ఉప్పు రాసిన బిడ్డ

అన్ని గొర్రెలూ ఈనిన పిల్లను నాకవు. ఆ మాట అక్కడే, ఆ బాలింత అత్త ముఖం మీదే అనేయాల్సింది. ఈనగానే లేచి నిలబడి, తన కడుపులోంచి జారిపడింది తనది కానట్టు, గడ్డిపోచ వాసన చూసుకుంటూ దూరంగా నడిచిపోయే గొర్రెలు ప్రతి మందలోనూ ఒకటో రెండో ఉంటాయని, తొలిసారి ఈనిన వాటిలో ఇంకా ఎక్కువని, వాటిని ఎవరూ పాపిష్టివని తిట్టరని చెప్పాల్సింది. చెప్పకుండా ఎందుకు వచ్చేసింది? "మళ్ల వస్త" అని గొణిగి, బాలింతల వార్డు దాటి, ఈ మెట్ల మలుపు దాకా ఎందుకు పారిపోయి వచ్చింది?

సుస్మిత కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. కింద దవాఖాన ఆవరణలో, వేపచెట్టు నీడలో, ఎవరి కాన్పు కోసమో వచ్చిన వాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. నల్లగొండ ఎండ గుట్టల మీద నుంచి జారి ఊరి మీద కూర్చున్నట్టుంది. ఆమె పిల్లల వైద్యంలో పీజీ మొదటి సంవత్సరం. పుట్టిన ప్రతి పసికందును చూడటం, పాలు తాగుతోందా, పచ్చకామెర్లున్నాయా, బరువెంత తగ్గింది అని రాసుకోవడం ఆమె పని. రోజూ చేసే పనే. ఆ ఒక్క మంచం దగ్గరే చేతులు తొందరపడతాయి.

ఆ మంచం ప్రవళికది. ఇరవై దాటిన పిల్ల, తొలిచూలు కాన్పు, ఆడపిల్ల పుట్టింది. కాన్పు సాఫీగానే అయింది. పాపకు ఏ లోపమూ లేదు. తల్లే అప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. నర్సు పాపను రొమ్ముకు చేరిస్తే చేతులు కదపదు. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టేది అత్త నర్సింగమ్మ. అరగంట కిందట సుస్మిత పాప గుండె వింటుంటే, ఆ నర్సింగమ్మే నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"జూడుండ్రి డాక్టరమ్మా. గొర్రె గూడ ఈనంగనే పిల్లను నాకుతది. నోరులేని జీవానికున్న పేగు దీనికి లేకపాయె. పొల్ల గొంతువోయేటట్టు ఏడుస్తాంది, గీమె గోడకు మొకం వెట్టి పంటది."

"ఊకో అక్కా, పచ్చి బాలింత," అంది పక్క మంచం మీది అమ్మాయి తల్లి.

"నేను గాలేదా పచ్చి బాలింతను? ముగ్గుర్ని గన్న. మూడోనాడే నాట్లకు వోయిన."

"ఆఁ, నాలుగోనాడు నాగలి గూడ వట్టినవేమో!"

వార్డంతా నవ్వింది. నర్సింగమ్మ కూడా నవ్వబోయి, నవ్వు సగంలో ఆపి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రేపు ఇంటికి పంపుండ్రి డాక్టరమ్మా. పొల్లను నేను మా ఊరు పానగల్లు తోల్కపోత. గీమె తల్లిగారింటికి వోయి, నిమ్మళమైనంక వస్తది. గాలి సోకింది, మాకు తెల్వదా?"

గోడవైపున్న వీపు కదలలేదు. సుస్మిత ఆ వీపునే చూసింది. ఆకుపచ్చ రవిక, చెమటకు అతుక్కున్న జడ. అప్పుడే ఆమెకు కోపం వచ్చింది. మెట్ల దాకా వచ్చి ఊపిరి తీసుకున్నాక గానీ ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. నర్సింగమ్మ మీద కాదు. ఆ వీపు మీద. పాప ఏడ్చినప్పుడల్లా తను ఆ ఏడుపును డాక్టరులా నిలబడి వినడం లేదు. పాపను చుట్టిన ఆ పాత చీర గుడ్డల మధ్య తనే పడుకున్నట్టు, లోపలి నుంచి వింటోంది.

కాన్పుల విభాగం శోభ మేడం పొద్దున్నే ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. "మానసిక వైద్యుడు రేపు వస్తాడు. అప్పటిదాకా తల్లీబిడ్డల్ని విడదీయనివ్వకు, ఒకసారి ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లారంటే మళ్లీ రారు. ఆమెను ఒంటరిగా కూడా వదలొద్దు. నువ్వు కూర్చుని మాట్లాడు సుస్మితా. పాప గురించి కాదు, ఆమెతో. మీ వైపు పిల్లే కదా, నీకు చెప్తుంది."

సుస్మిత తలూపింది. తలూపి వెళ్లి, పాప బరువు రాసుకుని వచ్చింది.

*

వాళ్ల ఊరు తిరుమలగిరికి అవతల, మట్టి రోడ్డు చివర. వాళ్లది గొర్ల కాపరుల ఇల్లు. ఆ ఇంట్లో మనుషుల కంటే ముందు గొర్రెల పుట్టుక గురించి మాట్లాడుకునేవారు. వాకిట్లో బోర్లించిన గంప కింద ఎప్పుడూ రెండు మూడు పిల్లలు 'మ్మే' అంటూ ఉండేవి. బడి నుంచి వచ్చి సంచి విసిరేసి, ఆ గంప సందుల్లోంచి వేలు పెడితే తడి నాలుకలు ఆ వేలిని చప్పరించేవి. వానొచ్చినప్పుడు తడిసిన గొంగడి నుంచి లేచే వాసన, వెచ్చగా, కాస్త పులుపుగా, ఎన్ని సబ్బులు రుద్దినా ఆమెకు ఈనాటికీ ఎక్కడో ముక్కు లోపల ఉంది. ఎండాకాలం మంద నీళ్లున్న వైపు దిగిపోయేది. బాపు మల్లప్ప నెలల తరబడి ఎవరెవరి పొలాల్లోనో మంద పెట్టి, కాలి పిక్కల దాకా దుమ్ముతో తిరిగి వచ్చేవాడు. ఆ వచ్చిన రోజు ఇంట్లో పండగ.

వీటన్నిటికీ నడుమ అవ్వ. సుక్కమ్మ. బాపు తల్లి.

గొర్రె పిల్లను చేరనివ్వకపోతే అవ్వకు కబురు వచ్చేది. పక్క ఊళ్ల నుంచి కూడా. అవ్వ నిదానంగా వెళ్లి, కంపతో చిన్న దడి కట్టించి, తల్లినీ పిల్లనూ అందులో పెట్టించేది. ఉప్పునీళ్లు కలిపి పిల్ల ఒంటి మీద రాసేది. ఉప్పు రుచికి తల్లి ఒక్కసారి నాలుక పెడుతుంది. రెండోసారి పెడుతుంది. నాకుతూ నాకుతూ వాసన పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరు లాగినా పిల్లను వదలదు. సుస్మిత అవ్వ వెనకాల కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ మొదటి నాలుక కోసం ఎదురుచూసేది. ఆ క్షణం కంటే పెద్ద సంతోషం చిన్నప్పుడు ఆమెకు మరొకటి తెలియదు.

అలాంటి ఉప్పే తనకూ రాశారని ఆమెకు తెలిసింది భువనగిరిలో, గురుకులం హాస్టల్లో ఉన్నప్పుడు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో. హాస్టల్ కిటికీలోంచి భువనగిరి గుట్ట కనిపించేది. పైన కోట, కింద ఒకే రాయి. పడుకుని నెమరేస్తున్న పెద్ద గొర్రెలా ఉంటుందని ఆమె అంటే స్నేహితురాలు మమత పడీ పడీ నవ్వింది. "నీకు గుట్ట గూడ గొర్రెనే కనవడ్తదానే?" ఆదివారం అవ్వ సర్వపిండి మూటగట్టుకుని వచ్చేది. గేటు దగ్గర నుంచే అరుపులు. "సుస్మితా, మీ అవ్వొచ్చింది! గొర్లు ఎనక వస్తున్నయా?"

"వస్తున్నయ్ బిడ్డా, మీ పరచ్చలు రాయనీకి," అనేది అవ్వ. "మీకంటే మంచిగనే రాస్తయ్."

ఆ రోజు పిల్లలంతా చుట్టూ కూర్చుని సర్వపిండి తుంచుకుంటుంటే మమత అడిగింది. "అవ్వా, సుస్మిత చిన్నప్పుడు ఎట్లుండె?"

"ఎట్లుండె? చింతగింజంత ఉండె. దీన్ని దీని తల్లి చేరనియ్యలే. జూసిన, జూసిన, ఇగ లాభం లేదని ఉప్పునీళ్లు గలిపి నెత్తికెల్లి కాళ్లదాంక రాసిన."

"అబ్బ, నిజమే? నాకిందా మరి?"

"నాకక ఏంజేస్తది? తల్లి గాదా!"

ఆ నవ్వు మెస్ దాకా వెళ్లింది. వారం రోజులు సుస్మిత కనిపిస్తే చాలు ఎవరో ఒకరు 'మ్మే' అనేవారు. కూరలో ఉప్పు తక్కువైతే, "సుస్మితను ఒక్కసారి ముంచి తియ్యుండ్రి" అనేవారు. ఆమె కూడా అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వడం తేలిక. దీపాలార్పే ముందు చదువు గంటలో, జీవశాస్త్రం పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి చదివింది. పుస్తకంలోది కాదు. దీని తల్లి చేరనియ్యలే.

అమ్మ మల్లీశ్వరికి మాటలు తక్కువ. కొట్టలేదు, తిట్టలేదు, ఏనాడూ తక్కువ చేయలేదు. జ్వరమొస్తే రాత్రంతా తడిబట్ట వేస్తూ కూర్చున్న మనిషి. కానీ ఆ తర్వాత సెలవుల్లో అవ్వ ఇంట్లో ఆ కథ ఎత్తుకున్నప్పుడు మాత్రం అమ్మ నవ్వేది కాదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లేది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వెళ్లేది. సుస్మిత ప్రతిసారీ ఆ వెళ్లడాన్ని చూసింది. అడగలేదు. అడిగితే వచ్చే జవాబుకు ఆమె దగ్గర చోటు లేదు.

డాక్టరు ఎందుకవుదామనుకున్నావని అడిగిన వాళ్లందరికీ ఊళ్లో దవాఖాన లేదనే చెప్పింది. అది అబద్ధం కాదు. మొదటి ఏడు నీట్‌లో ర్యాంకు రాక, హైదరాబాదులో కిరాయి గదిలో మరో ఏడాది చదివినప్పుడు, అర్ధాకలి సాయంత్రాల్లో ఆమెను కూర్చోబెట్టింది మాత్రం అది కాదు. తల్లులు బిడ్డల్ని చేరనివ్వకపోవడమనేది లోకంలో ఉందా, ఉంటే దానికి పేరుందా అని తెలుసుకోవాలి. అంతే. సీటు వచ్చిందని చెప్పిన రోజు అవ్వ ఆమె ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "ఇగ గొర్లకు గూడ నువ్వే సూదులెయ్యాలె" అంది. తెల్లకోటు అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, "గొంగడంత గట్టిగ లేదు" అని పెదవి విరిచింది. రెండో ఏడు పరీక్షల ముందు అవ్వ చనిపోయింది.

దానికి పేరుంది. చివరి ఏడాది పుస్తకంలో అరపేజీలో ఉంది. కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు, నిద్రలేమి, భయం, బిడ్డ మీద మనసు నిలవకపోవడం, మందులున్నాయి, తగ్గుతుంది. సుస్మిత మొదటి నాలుగు వాక్యాలు చదివి పుస్తకం మూసేసింది. ఎన్నో ఏళ్లు వెతికిన ఇల్లు కనిపించాక గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగిన మనిషిలా. ఆ తర్వాత పీజీలో పిల్లల విభాగం తీసుకుంది. ఆమె మార్కులకు కాన్పుల విభాగమూ వచ్చేది. ఎప్పుడూ పిల్ల వైపే నిలబడటానికి తనకు తానే ఒక ఉద్యోగం చూసుకుందని, ఈ మెట్ల మలుపులో, ఊచల వేడి అరచేతులకు తగులుతుంటే ఇప్పుడు అనిపించింది.

ఫోను తీసింది. ప్రవళికతో ఏం మాట్లాడాలో తెలియక తీసింది. కనీసం అలా అనుకుంది.

"ఏం బిడ్డా, గీ యాల్లప్పుడు చేసినవ్? పానం మంచిగున్నదా?" అమ్మ గొంతు వెనకాల గొర్రెల మెడల్లో గంటలు.

"మంచిగనే ఉన్న. ఏడున్నవ్?"

"ఏడుంట, గొర్లకాడ. మీ బాపు చాయ తాగొస్తనని వోయిండు. గా చాయ ఇంక ఉడుకుతనే ఉన్నట్టుంది."

"అమ్మా, ఒకటడుగుత. కోపానికి రావద్దు. ఈడ ఒకామె ఉన్నది. తొలుసూరు. పొల్లను దగ్గరికి తీస్తలేదు. గోడకు తిరిగి పంటాంది."

గంటలు వినిపించాయి.

"తింటాందా?" అడిగింది అమ్మ.

"పట్టిస్తున్నం. పాప బరువు—"

"పాప గాదు. గామె."

సుస్మిత వార్డు వైపు తిరిగింది.

"పంటాందా? నిద్రవోతాందా అని అడుగుతున్న."

"ఎప్పుడు జూసినా పండుకోనే ఉంటది."

"పండుకునుడు వేరు, నిద్రవోవుడు వేరు బిడ్డా. నేను గూడ పండుకోనే ఉంటుంటి. నువ్వు ఏడుస్తె అందరు లేపుతుండ్రి. ఏడ్వకపోతె ఊపిరున్నదా లేదా అని నేనే లేస్తుంటి. నిన్ను జూస్తె భయమయ్యేది. కోపం గాదు, భయం. నా చేతులకెల్లి జారిపోతవని. నేనే జారవిడుస్తనని. ఎవలికి జెప్పుకోను? అందరు వొచ్చి పొల్ల మంచిగున్నదా అని అడుగుడే."

"మరి అవ్వ ఉప్పు రాస్తె..."

"ఉప్పా!" అమ్మ నవ్విందో నిట్టూర్చిందో. "ఉప్పుకు నీ ఒళ్లంత కమిలింది. గుక్కవట్టినవ్. నన్ను గొర్రెను జేసిరి గదా అని నేను ఇంక ముడుసుకున్న. గది జూసి మీ అవ్వకు పానం వోయినట్టయింది. తెల్లారి ఒక్క మాటనలే. నిన్ను గొంగడిల సుట్టుకోని మందతోని వోయింది. పోవేటప్పుడు దర్వాజ దగ్గరికేసి, పండుకో మల్లీశ్వరీ, పొల్ల నా తాన ఉంటది, నిన్నెవలు లేపరు అన్నది. గంతే."

"నాకు పాలు?"

"మేకపాలు వట్టిందట, దూదితోని."

సుస్మితలోని పిల్లల డాక్టరు ఉలిక్కిపడింది. కూతురు ఆమెను ఊరుకోమంది.

"సచ్చినట్టు పండుకున్న. లేశేసరికి పొద్దు వాలింది. ఇల్లంత సప్పుడు లేదు. రొమ్ములు గడ్డలు గట్టినయ్, రైక తడిసింది. అప్పుడు యాదికొచ్చినవ్ నువ్వు. ఎవలు జెప్పలే. నాకే యాదికొచ్చినవ్. చెల్కలకు అడ్డంవడి ఉర్కిన, కాళ్లకు చెప్పులు గూడ లెవ్వు. మీ అవ్వ నన్ను దూరంకెల్లి జూసి, జూడనట్టు మొకం తిప్పుకున్నది. ఒక్కనాటితోని గాలే. మల్ల శాన దినాలు ఒకనాడు మంచిగ, ఒకనాడు శెడ్డగ. గిప్పటి లెక్క డాక్టర్లా, గోలీలా? కని షురువైతె గప్పుడైంది."

"అవ్వ ఉప్పనే ఎందుకు జెప్తుండె మరి?"

"ఆమె తప్పుకు ఆమె నవ్వుకుంటుండె. నాకు నవ్వు రాకపోతుండె. నువ్వు గిన్నేండ్లు ఒక్కసారన్న అడుగుతవేమోనని... హే! హే! ఉంట బిడ్డా, పత్తిచేన్ల వడ్డయ్ దొంగముండలు!"

ఫోను ఆగిపోయాక కూడా సుస్మిత దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. చెప్పుల్లేని కాళ్లతో ఎర్రటి చెల్క భూముల్లో పరుగెత్తుకొస్తున్న అమ్మ. అప్పటికి అమ్మ ప్రవళిక కంటే చిన్నది. గొంగడి లోపల పడుకున్న తను ఆ పరుగును చూడలేదు. చూడని దృశ్యం కోసం కూడా మనిషికి ఇంత బెంగ కలుగుతుందా? చిన్నప్పటి ఇల్లంతా, గంపా, వాకిలీ, గొంగడీ, ఏదీ కదలకుండానే, దాని దర్వాజ ఇంకో వైపు తెరుచుకున్నట్టుంది.

*

వార్డులో మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ప్రవళిక మంచం పక్కన స్టీలు పళ్లెంలో అన్నం, గుడ్డు అలాగే ఉన్నాయి. నర్సింగమ్మ పాపను భుజాన వేసుకుని, ఒక చేత్తో బట్టలు సంచిలో సర్దుతోంది.

"ఇంటికి వోయే చీటీ రాస్తున్నరా డాక్టరమ్మా?"

"రాస్తలేను. రేపు పొద్దుగాల ఇంకో డాక్టరు సారు వస్తరు. గాయన జూసినంక మాట్లాడుకుందం. గాలి గాదు అమ్మా, గిది బాలింతలకొచ్చే రోగమే. గోలీలతోని తగ్గుతది. ఇద్దర్ని ఎడం జేస్తె ఇద్దరికి కష్టమే."

"రోగమైతె జరమన్న ఉండాలె గదా?"

"అన్ని రోగాలకు జరం రాదు. నువ్వు నిద్రవోక ఎన్ని దినాలైంది?"

నర్సింగమ్మ సంచి మీద నుంచి చేయి తీసింది. ఆ ప్రశ్న ఆమెనూ ఎవరూ అడిగినట్టు లేదు. "నా నిద్రకేమొచ్చెగని," అంటూనే మంచం అంచు మీద చతికిలబడింది.

"కిందికి వోయి చాయ తాగి, చెట్టుకింద జర నడుం వాల్చు."

"పొల్ల?"

"నా తాన ఉంటది."

"మీరు ఎత్తుకోని కూసుంటరా? ఓర్నాయనో, డాక్టర్లు గిసొంటి పని గూడ జేస్తరా?" అంటూనే నర్సింగమ్మ పాపను గుడ్డల తొట్లెలో పడుకోబెట్టి, కొంగు బిగించుకుని వెళ్లిపోయింది.

ప్రవళిక వీపు అలాగే ఉంది. మంచానికీ గోడకూ మధ్య సన్నని సందు. సుస్మిత ఇన్ని రోజుల్లో అటువైపు వెళ్లలేదు. కోటు గోడసున్నానికి రాసుకుంటుంటే పక్కవాటుగా ఆ సందులోకి దూరి, మోకాళ్ల మీద కూర్చుంది. ప్రవళిక కళ్లు తెరిచే ఉన్నాయి. ఎర్రగా, పొడిగా, రెప్ప వేయడం మరిచిపోయినట్టు.

"నిద్రవడ్తలేదా ప్రవళికా?"

పెదవులు కదిలాయి. "కండ్లు మూస్తె భయమైతాంది."

"పొల్లకు ఏమన్న అయితదనా?"

కళ్లలోకి నీళ్లు వచ్చాయి. "తీస్కపోతరా పొల్లను?"

"తీస్కపోరు. రేపొచ్చే డాక్టరు నీకోసం వస్తుండు. పొల్ల కోసం గాదు, నీకోసం." సుస్మిత ఆమె నుదుటి మీది తడి జుట్టును వెనక్కి తోసింది. "గిప్పుడు రెండు బుక్కలు తిని పండుకో. నేను ఎటూ వోను. గా కిటికీ కాడనే ఉంట. కండ్లు తెరిస్తె కనవడ్తం. నిన్నెవలు లేపరు."

ప్రవళిక రెండు ముద్దలు తింది. మూడోది వద్దంది. మళ్లీ గోడవైపే తిరిగింది. కాసేపటికి ఆ ఆకుపచ్చ రవిక మెల్లగా, లోతుగా లేచి దిగడం మొదలైంది. పక్క మంచం ఆమె ఏదో అనబోతే సుస్మిత పెదవుల మీద వేలు పెట్టింది.

పాప కదిలింది. ఏడవడానికి నోరు తెరిచింది. సుస్మిత మెడలోని స్టెతస్కోపు తీసి జేబులో కుక్కుకుని, పాపను రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకుని, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది.